ముగ్గురు స్పైడర్ మ్యాన్‌లను పోల్చాలంటే ఏ సీన్లు పక్కపక్కన పెట్టాలి?

ప్రశ్న: మధురవాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాం. టోబీ మాగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్, టామ్ హాలండ్, ఈ ముగ్గురిలో అసలైన స్పైడర్ మ్యాన్ ఎవరని మా రూములో రోజూ వాదనే. ఒక ఆదివారం సినిమాలన్నీ వరసగా వేసుకుని తేల్చేద్దామనుకుంటున్నాం. ఏ క్రమంలో చూడాలి, ఏం గమనించాలి? చివరికి ఎవరు బెస్ట్?

జవాబు:

ఒక్క ఆదివారంలో కుదరదండి. మాగ్వైర్‌తో సామ్ రైమీ తీసిన మూడు సినిమాలు (2002, 2004, 2007) 121, 127, 139 నిమిషాలు. గార్ఫీల్డ్‌తో మార్క్ వెబ్ తీసిన రెండు (2012, 2014) 136, 142. హాలండ్‌తో జాన్ వాట్స్ తీసిన మూడు (2017, 2019, 2021) 133, 129, 148. అన్నీ కలిపితే 1,075 నిమిషాలు. అంటే ఐదు నిమిషాలు తక్కువ 18 గంటలు. తిండీ నిద్రా మానేసి చూసినా, ఐదో సినిమాకి వచ్చేసరికి మీరు పోల్చడం మానేసి ఊరికే చూస్తూ ఉండిపోతారు. రెండు రోజులు పెట్టుకోండి. వరస కింద రాశాను.

నా తీర్పు ముందే చెబుతాను, దాచి చివర్లో చెప్పడం దేనికి. సినిమాగా 2004లో వచ్చిన రెండో భాగం అన్నిటికంటే పైన. ముసుగు వేసుకున్నాక స్పైడర్ మ్యాన్‌గా గార్ఫీల్డ్. ముసుగు తీసిన పదిహేనేళ్ల కుర్రాడిగా హాలండ్. ఒక్క మనిషినే ఎంచుకోమంటే మాగ్వైర్. ఎందుకో చెప్పాలంటే నటుల్ని పక్కపక్కన నిలబెట్టి మార్కులు వేస్తే లాభం లేదు. ముగ్గురికీ వేర్వేరు కథలు, వేర్వేరు దర్శకులు, గ్రాఫిక్స్‌లో దాదాపు ఇరవై ఏళ్ల తేడా. కానీ ముగ్గురికీ ఒకే చిక్కు ఎదురైన సీన్లు కొన్ని ఉన్నాయి. ఒకే ప్రశ్నకు మూడు జవాబుపత్రాలు దొరికినట్టే. ఆ సీన్లు పెట్టి చూస్తే వాదన దానంతట అదే తేలుతుంది.

మొదటిది బాబాయి చావు. 1962 ఆగస్టులో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ఈ పాత్రను 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచికలో పరిచయం చేసినప్పటి నుంచి కథకు ఇదే ఇరుసు. పీటర్ పార్కర్ (స్పైడర్ మ్యాన్ అసలు పేరు) తాను పట్టుకోగలిగీ వదిలేసిన దొంగ చేతిలోనే బెన్ బాబాయి చనిపోతాడు. ఇక్కడ నేరం పీటర్‌ది ఎంత గట్టిగా ఉంటే తర్వాతి కథంతా అంత గట్టిగా నిలబడుతుంది.

2002లో లెక్క చాలా శుభ్రంగా ఉంది. కుస్తీ పోటీలో మూడు నిమిషాలు నిలబడితే 3,000 డాలర్లు అన్నారు. పీటర్ మూడు నిమిషాలు కాకముందే పహిల్వాన్‌ను పడగొట్టాడని, ఆ వంకతో నిర్వాహకుడు 100 డాలర్లే చేతిలో పెట్టాడు. కాసేపటికి దొంగ అదే నిర్వాహకుడి డబ్బు ఎత్తుకుని పరిగెడుతుంటే పీటర్ పక్కకు జరిగి దారిచ్చాడు. అందులో కక్ష ఉంది. ఆ కక్షకు న్యాయం ఉన్నట్టు మనకే అనిపిస్తుంది. అందుకే నిమిషాల తర్వాత రోడ్డు మీద బాబాయి పడి ఉంటే దెబ్బ మనకూ తగులుతుంది.

2012లో అదే ఘట్టాన్ని చిన్న కిరాణా కొట్టులోకి తెచ్చారు. పాల సీసాకు రెండు సెంట్లు తక్కువయ్యాయని కౌంటర్లో మనిషి పీటర్‌కు పాలు ఇవ్వలేదు. వెనక ఉన్నవాడు కొట్టు దోచి, పోతూ పోతూ ఆ పాలు పీటర్ వైపు విసిరాడు. పీటర్ పట్టుకుని ఊరుకున్నాడు. ఆలోచన బాగుంది. చిన్నమొత్తం, చిన్న అహం. కానీ తర్వాత ఆ హంతకుడి వేట మొదలై, సగంలో వదిలేసి, బల్లిమనిషి కథలోకి వెళ్లిపోతారు. దారం మధ్యలో తెగిపోయింది. మార్టిన్ షీన్ బాబాయిగా ఎంత సహజంగా చేసినా ఈ లోటు పూడలేదు.

హాలండ్‌కు ఆ సీనే లేదు. 2016లో 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్'లో అతను వచ్చేసరికి సాలీడు కుట్టడమూ అయిపోయింది, ఇంట్లో దుఃఖమూ అయిపోయింది. రెండుసార్లు చూసిన కథను మూడోసారి చూపించక్కర్లేదన్నది నిర్మాతల లెక్క. ఆ లెక్క సబబే. కానీ దాని ధర ఐదేళ్లు కట్టాల్సి వచ్చింది. బాబాయి స్థానంలో టోనీ స్టార్క్, అంటే ఐరన్ మ్యాన్, కూర్చున్నాడు, సూటు ఇచ్చాడు, లాక్కున్నాడు, మళ్లీ ఇచ్చాడు. కుర్రాడి తప్పుకు కుర్రాడే మూల్యం చెల్లించిన సందర్భం 2021 దాకా రాలేదు. ఆ సినిమాలో మే పిన్ని చనిపోయేటప్పుడు శక్తితోపాటే బాధ్యతా వస్తుందన్న ఆ ప్రసిద్ధమైన మాటను ఆమె నోట పెట్టారు. అక్కడితో హాలండ్ కథకు ఇరుసు దొరికింది, ఆలస్యంగానైనా.

ఈ ఒక్క అంశంలో మాగ్వైర్ సినిమాలకు దగ్గరగా కూడా ఎవరూ రాలేదు. ఒక్కటే మచ్చ. 2007లో మూడో భాగంలో అసలు కాల్చింది శాండ్‌మ్యాన్ అని మార్చారు. దాంతో మొదటి సినిమాలో పీటర్ మోసిన పాపం సగం తేలికైపోయింది. పోలిక పెట్టేటప్పుడు మూడో భాగాన్ని వదిలేయమనేది ఇందుకే.

రెండోది పడిపోతున్న మనిషిని పట్టుకోవడం. మీరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు కాబట్టి ఇది లెక్కేసుకుని చూడండి. నాలుగు సినిమాల్లో నాలుగు రకాలుగా ఉంది.

50 మీటర్ల ఎత్తు నుంచి పడితే, గాలి నిరోధం వదిలేస్తే, కిందికొచ్చేసరికి వేగం సెకనుకు దాదాపు 31 మీటర్లు. గంటకు 110 కిలోమీటర్ల పైమాటే. ప్రాణం తీసేది ఆ వేగం ఆగే తీరు. దారం బిగిసి అర మీటరులో ఆపితే, 50ని అర మీటరుతో భాగించండి, గురుత్వానికి 100 రెట్ల దెబ్బ. అదే పట్టుకున్నవాడు తనూ ఊగుతూ 10 మీటర్ల దూరంలో మెల్లగా ఆపితే 5 రెట్లు. అది మనిషి తట్టుకోగలడు.

2002లో క్వీన్స్‌బరో వంతెన మీద విలన్ గ్రీన్ గాబ్లిన్ ఒక చేత్తో పీటర్ ప్రేమించే మేరీ జేన్‌ను, మరో చేత్తో పిల్లలున్న రోప్‌వే పెట్టె తీగను పట్టుకుని రెండూ వదిలేశాడు. పెట్టె మన కైలాసగిరి రోప్‌వే మీద తిరిగే పెట్టెల కంటే బాగా పెద్దది. పీటర్ ముందు దూకి, పడుతున్న అమ్మాయిని తన ఒంటితో పట్టుకున్నాడు, తర్వాత తీగ అందుకున్నాడు. తనూ ఆమెతోపాటే పడుతూ పట్టుకున్నాడు కాబట్టి ఇద్దరి వేగంలో తేడా తక్కువ. భౌతికశాస్త్రం ప్రకారం కూడా సరైన పద్ధతి ఇదే.

2014లో గడియారపు గోపురంలో ప్రేయసి గ్వెన్ పడుతుంటే పీటర్ పైనుంచి దారం వదిలాడు. ఆ షాటును ఒక్కో ఫ్రేమూ ఆపి చూడండి. దారం చివర విచ్చుకుని చెయ్యి చాచినట్టు ఉంటుంది. దారం ఆమెను అందుకుంది, కానీ అందుకునే సరికి నేల వచ్చేసింది. ఆపడానికి దూరం లేదు. గోపురం గడియారం 1:21 దగ్గర ఆగిపోతుంది. 1973లో గ్వెన్ చనిపోయిన కామిక్ 121వ సంచిక. ఆ సినిమాలో విలన్లు ఎక్కువై, కథ నాలుగు దిక్కులకు లాగి, చాలాచోట్ల చెదిరిపోయింది. ఆ మాట నిజమే. కానీ ఈ సీనూ, దీని తర్వాత గార్ఫీల్డ్ ముఖమూ మొత్తం ఎనిమిది సినిమాల్లో అత్యుత్తమ నటనల్లో ఒకటి. గ్వెన్‌గా ఎమ్మా స్టోన్ రెండు సినిమాల్లోనూ పక్కన బొమ్మలా నిలబడలేదు, కథలో పని చేసింది. అందుకే పోయినప్పుడు అంత ఖాళీ.

2017లో వాషింగ్టన్ స్మారక స్తంభంలో లిఫ్టు తెగిపడేటప్పుడు పీటర్ స్కూలు స్నేహితురాలు లిజ్ చెయ్యి జారింది. పీటర్ దారం ఆమె మణికట్టును పట్టింది. ఇది ఎలా సాధ్యం, గ్వెన్‌కు సాధ్యం కానిది అని ఎవరైనా అడిగితే జవాబు ఎత్తులో ఉంది. లిజ్ అప్పుడే జారింది, ఇంకా వేగం అందుకోలేదు. స్తంభం 169 మీటర్లున్నా ఆమె పడింది ఒకటి రెండు మీటర్లే. సీను రాసినవాళ్లు ఈ లెక్క వేసుకున్నారో లేదో గానీ తేడా మాత్రం సరిగ్గానే కుదిరింది.

ముగ్గురు స్పైడర్ మ్యాన్‌లూ కలిసి కనబడే 2021 సినిమాలో స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చుట్టూ కట్టిన మంచెల మీద నుంచి హాలండ్ ప్రేయసి ఎమ్‌జే పడుతుంది. హాలండ్ దూకితే గాబ్లిన్ మధ్యలో తన్నుకుపోతాడు. గార్ఫీల్డ్ దూకి ఈసారి చేతులతోనే పట్టుకుంటాడు. దారాన్ని నమ్మలేదు, తనే వెళ్లాడు. 2014 సీను చూడకుండా దీన్ని చూస్తే ఇదొక ఫైటు ముక్క. చూసి చూస్తే గొంతులో ముద్ద అడ్డం పడుతుంది. వరస ముఖ్యమనేది ఇందుకే.

మూడోది, బలానికి మించిన బరువు. రైలు, వంతెన, పడవ.

2004 రైలు సీనును ఓపిగ్గా చూడండి. షికాగో ఎత్తు పట్టాల మీద తీసిన షాట్లను న్యూయార్క్‌గా చూపించారు. విలన్ డాక్టర్ ఆక్టోపస్ రైలు నడిపే మీట పీకేశాడు, పట్టాలు ముందు ఎక్కడో ఆగిపోతాయి. పీటర్ మొదట కాళ్లు పట్టాల మీది చెక్కలకు అడ్డం పెట్టాడు. చెక్కలు పెళపెళా విరిగాయి. తర్వాత రెండు వైపులా భవనాలకు రెండు దారాలు వేశాడు. గోడల ముక్కలు ఊడివచ్చాయి. అప్పుడు రెండు చేతులా గుప్పెళ్లకొద్దీ దారాలు వదిలి, ఒక్కదాని మీద పడే బరువును చాలావాటికి పంచాడు. మూడు ప్రయత్నాలు, రెండు విఫలం, ఎందుకు విఫలమయ్యాయో కళ్లకు కనబడింది. సూటు చిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ముసుగు అప్పటికే తీసేశాడు. రైలు ఆగాక ప్రయాణికులు అతన్ని చేతుల మీద లోపలికి మోసుకెళ్లి పడుకోబెడితే, ముఖం చూసిన ఒకాయన కుర్రాడే కదా అంటాడు. చిన్నపిల్లలు ముసుగు తెచ్చి ఇస్తారు. ఒక సూపర్ హీరో సినిమా ఊరికీ హీరోకీ మధ్య సంబంధాన్ని ఇంతకంటే బాగా చెప్పిన సందర్భం నేను చూడలేదు.

2012లో విలియమ్స్‌బర్గ్ వంతెన మీద కార్లు దారాలకు వేలాడుతుంటే, మంట అంటుకున్న కారులో ఒక పిల్లాడు. పీటర్ తన ముసుగు తీసి వాడికిచ్చి, ఇది వేసుకుంటే బలం వస్తుంది, పైకి ఎక్కు అంటాడు. చక్కటి ఆలోచన. ఆ పిల్లాడి తండ్రి క్రేన్ నడిపే మనిషి. క్లైమాక్స్‌లో అతనే తోటివాళ్లతో దారి పొడవునా క్రేన్లు వరసగా తిప్పిపెడతాడు, దెబ్బతిన్న స్పైడర్ మ్యాన్ వాటి మీదుగా ఊగుతూ వెళ్లడానికి. కారణం, ఫలితం రెండూ కుదిరాయి. రైలు సీనంత ఒరిజినల్ కాకపోయినా తీసిపారేయాల్సింది కాదు.

2017 పడవ సీను వీటికి పూర్తిగా ఎదురు. స్టాటెన్ దీవికి పోయే పడవ నిలువునా రెండుగా చీలింది. పీటర్ పరుగెత్తి రెండు సగాలకూ దారాలు అల్లాడు. 98 శాతం సఫలమైందని సూటులోని గొంతు చెప్పింది. మిగతా రెండు శాతం దగ్గరే తెగింది. ఐరన్ మ్యాన్ వచ్చి పడవను నొక్కి అతికించాల్సి వచ్చింది. మాగ్వైర్ గెలిచిన చోట హాలండ్ ఓడాడు. ఓడటమే కథకు కావలసింది, ఎందుకంటే ఇతను ఇంకా నేర్చుకుంటున్నవాడు. దీని తర్వాత సూటు లేకుండా శిథిలాల కింద ఇరుక్కుని, ఏడ్చి, తనంతట తాను ఎత్తుకుని బయటపడే సీను వస్తుంది. ఈ సీను డిట్కో గీసిన 1966 నాటి 33వ సంచిక నుంచి వచ్చింది. హాలండ్ మూడు సినిమాల్లో నటనగా నాకు ఎక్కువ నచ్చేది ఇదే. కేకలు వేసి సాయం అడిగే కుర్రాడి గొంతు నిజంగా పదిహేనేళ్ల గొంతులానే ఉంది.

ఇక వయసు మాట. తొలి సినిమా విడుదలకు మాగ్వైర్‌కు 26, గార్ఫీల్డ్‌కు 28. హాలండ్ 'సివిల్ వార్' నాటికి 19. హైస్కూలు బెంచీ మీద కూర్చోబెడితే ఎవరు నప్పుతారో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే రైమీ సినిమాలు మొదటి భాగంలో సగానికే స్కూలు దాటించి, అద్దె గది, పిజ్జా డెలివరీ, ఫొటోలు అమ్ముకోవడం, కాలేజీకి ఆలస్యం అనే బతుకులోకి తెచ్చేశాయి. అక్కడ మాగ్వైర్ వయసు లోపంగా అనిపించదు. గార్ఫీల్డ్‌కే ఇబ్బంది. స్కేట్‌బోర్డు, కొత్త జుట్టు, చురుకు మాట చూస్తే ఇతన్ని క్లాసులో ఎవరు ఏడిపిస్తారన్న అనుమానం వదలదు.

దారం ఎక్కణ్నుంచి వస్తుందన్నది చాలామంది చిన్న విషయమనుకుంటారు. కథను నడిపేది అదే. రైమీ పీటర్‌కు మణికట్టులోంచే వస్తుంది. కాబట్టి 2004లో మనసు చెదిరితే దారం ఆగిపోయి, నడి ఆకాశంలో జారిపడి, చివరికి లిఫ్టులో కిందికి దిగాల్సి వస్తుంది. శక్తి పోవడం మనసు జబ్బుగా చూపించే వీలు ఇందులోనే ఉంది. గార్ఫీల్డ్ ఆస్కార్ప్ కంపెనీ తీగను తెచ్చుకుని మణికట్టు పరికరాలు తయారు చేసుకున్నాడు. పరికరం పగులుతుంది, కరెంటు మనిషి దెబ్బకు కాలిపోతుంది. అంటే చిక్కు బయటినుంచి వస్తుంది. హాలండ్ స్కూలు కెమిస్ట్రీ ల్యాబు సొరుగులో రసాయనం కలుపుకుంటాడు. తర్వాత స్టార్క్ పరికరంలో వందల రకాల దారాలు వచ్చిపడ్డాక మాత్రం దారం అయిపోతుందేమోనన్న కంగారు కథలోంచి పోయింది. తక్కువ ఉంటేనే ఉత్కంఠ.

ఊగడం విషయానికొస్తే, గార్ఫీల్డ్ సినిమాలే ముందుంటాయి. ఊగాలంటే పైన కొస ఎక్కడో ఒకచోట అతుక్కోవాలి, అదీ దారికి రెండు వైపులా, మనిషి కంటే చాలా ఎత్తులో. మన ఆర్కే బీచ్ రోడ్డు తీసుకోండి. ఒక పక్క భవనాలు, ఇంకో పక్క సముద్రం. అక్కడ స్పైడర్ మ్యాన్ దారం వేస్తే ప్రతి ఊపుకీ భవనాల వైపే లాగేస్తుంది. నేరుగా ముందుకు పోలేడు, వంకరగా పోయి గోడకు కొట్టుకుంటాడు. సినిమాల్లో ఎప్పుడూ ఇరుకైన మన్‌హటన్ వీధులే ఎంచుకునేది అందుకే. 2017 నాటి 'హోమ్‌కమింగ్' దీన్ని తిరగేసి వాడుకుంది. భవనాల్లేని గోల్ఫ్ మైదానంలో హాలండ్ పరిగెత్తాల్సి వస్తుంది, పెరళ్లు, కంచెలు దాటుకుంటూ పోవాల్సి వస్తుంది. ఆ ముక్క చాలా బాగుంది గానీ, ఊగే ఆనందం కోసం చూస్తే అతని మూడు సినిమాల్లో అది తక్కువే.

రైమీ 2002లో తొలి సినిమాను 1.85 కొలతలో (ఎత్తుకు 1.85 రెట్ల వెడల్పు) తీశాడు, నిలువు భవనాలు ఫ్రేములో పట్టడానికి అది అనువు. వీధుల మధ్య తీగల మీద కెమెరాను జార్చి, ఆ దృశ్యాలకు గ్రాఫిక్స్ మనిషిని కలిపారు. భవనాల పైకప్పుల మీద మొదటిసారి పరుగెత్తే షాట్లలో ఒంటికి బరువు లేనట్టు, రబ్బరు బొమ్మలా అనిపిస్తుంది. కాలం తెచ్చిన లోపమే, ఒప్పుకోవాలి. 2004కి అది చాలావరకు సర్దుకుంది, ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా వచ్చింది. 2012లో వెబ్ బృందం హార్లెమ్‌లో ఎత్తు రోడ్డు కమాన్ల కింద నిజంగా రోపులు కట్టి డూపును ఊపారు. ఊపు కింది కొసకు వచ్చినప్పుడు ఒళ్లు బరువెక్కి, పైకి లేచేటప్పుడు తేలికవ్వడం అక్కడ గమనించండి. ఆ తేడా గ్రాఫిక్స్ మనిషికి కూడా అబ్బింది. డ్రైనేజీ సొరంగంలో గార్ఫీల్డ్ నాలుగు దిక్కులకూ సన్నని దారాలు కట్టి, మధ్యలో కూర్చుని, ఏ దారం కదులుతుందా అని వేళ్లతో తాకుతూ ఎదురుచూస్తాడు. సాలీడు చేసే పని అదే. మిగతా ఇద్దరికీ అంత సాలీడుతనం ఎవరూ రాయలేదు.

హాలండ్ వేరే రకం. లండన్‌లో 'బిల్లీ ఇలియట్' సంగీత నాటకంలో డాన్సు చేసి వచ్చినవాడు, పల్టీలు తనే కొట్టగలడు. అందుకే అతని ఫైట్లలో కోత తక్కువ, ఒకే షాటులో మనిషి పూర్తిగా కనబడే చోట్లు ఎక్కువ.

సూటు గురించి కూడా ఒక మాట. ముఖమంతా కప్పే ముసుగు నటుడికి శాపం. కళ్లు లేవు, నోరు లేదు. ముగ్గురు దర్శకులు దీనికి మూడు దారులు వెతికారు. రైమీ కీలకమైన చోటల్లా ముసుగు చింపేశాడు లేదా తీయించాడు. మొదటి సినిమా చివరి పోరులో సగం చిరిగిన ముసుగులోంచి ఒక కన్ను కనిపిస్తుంది. వెబ్ ఒంటితో, మాటతో నెట్టుకొచ్చాడు, గార్ఫీల్డ్ భుజాలు, మెడ చూస్తే చాలు మూడ్ తెలిసిపోతుంది. వాట్స్ సినిమాల్లో కళ్ల చుట్టూ రెప్పల్లాంటి పలకలు పెట్టి కదిలించారు. ఇది కామిక్ బొమ్మలకు దగ్గర, డైలాగు ఉన్న చోట బాగా పనిచేస్తుంది. ఏడుపు మోయాల్సి వస్తే మాత్రం వాళ్లూ ముసుగు తీయక తప్పలేదు. సూటు అందం అడిగితే 2014ది, తెల్లటి పెద్ద కళ్లతో, నాకు అన్నిటికంటే నచ్చినది.

విలన్ల గురించి ఎక్కువ చెప్పను, అక్కడ పోటీ లేదు. గ్రీన్ గాబ్లిన్‌గా విలెమ్ డఫో, డాక్టర్ ఆక్టోపస్‌గా ఆల్ఫ్రెడ్ మొలీనా ముందు 2012, 2014 విలన్లు నిలవరు. మొలీనా వీపు మీది లోహపు చేతులను దగ్గరి షాట్లలో నిజమైన తోలుబొమ్మల్లా మనుషులే ఆడించారు. ఆసుపత్రి సీనులో ఆ చేతులు డాక్టర్ల మీదికి లేచేటప్పుడు సంగీతం ఆపేశారు, ఉత్త చప్పుళ్లే. రైమీ 'ఈవిల్ డెడ్' అనే హారర్ సినిమా తీసిన మనిషి అని ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. వాట్స్ వైపు నుంచి వీళ్లకు సాటి వచ్చేది ఒక్క మైకేల్ కీటన్. 'హోమ్‌కమింగ్'లో డాన్సు రాత్రి కారులో, వెనక సీటులో కూతురి స్నేహితుడు, ముందు అద్దంలో కీటన్ కళ్లు. సిగ్నల్ ఎర్రదీపం అతని ముఖం మీద పడుతూ ఉంటుంది. కుర్రాడే స్పైడర్ మ్యాన్ అని లోపల లెక్క తేలే క్షణానికి ఆ వెలుగు పచ్చగా మారుతుంది. దెబ్బలాట లేదు, అరుపు లేదు, చెమట పడుతుంది.

ఇప్పుడు చూసే పద్ధతి. ఇక్కడే చాలామంది పోలిక పాడు చేసుకుంటారు.

తెలుగు డబ్బింగ్‌లో చూసి నటుల్ని పోల్చకండి. చూడటానికి డబ్బింగ్ హాయిగానే ఉంటుంది, ముసుగు ఉన్నప్పుడు పెదవులు కలవాల్సిన పని లేదు కాబట్టి ఈ సినిమాలకు డబ్బింగ్ బాగా అతుకుతుంది కూడా. కానీ గొంతు నటనలో సగం. తెలుగులో మీరు పోలుస్తున్నది డబ్బింగ్ కళాకారులను. ఈ రెండు రోజులూ ఇంగ్లిష్ ఆడియో, కింద సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

టీవీలో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. పిక్చర్ మెనూలోకి వెళ్లి అది ఆపేయండి, లేదా సినిమా మోడ్ పెట్టండి. అది ఆన్‌లో ఉంటే టీవీ లేని ఫ్రేములను కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. ఊగే సీన్లలో గ్రాఫిక్స్ సీరియల్ గ్రాఫిక్స్‌లా కనబడేది సగం దానివల్లే. దీన్నిబట్టి 2002 సినిమాను తక్కువ చేయడం అన్యాయం.

మొదటి సినిమా టీవీ తెర దాదాపు నిండుతుంది. మిగతావి 2.39 కొలత, పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. 55 అంగుళాల టీవీ తెర ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లయితే బొమ్మకు దక్కేది 51. పట్టీలు నచ్చక జూమ్ నొక్కితే రెండు పక్కలా బొమ్మ తెగిపోతుంది, రైలు సీనులో రెండు వైపులా అతుక్కున్న దారాలే కనబడవు. రెండో భాగానికి '2.1' అని దాదాపు 8 నిమిషాలు ఎక్కువున్న కూర్పు ఒకటి ఉంది. అందులో లిఫ్టు సీను మాటలు వేరు. థియేటర్లో వచ్చినదే పెట్టుకోండి, అది బిగువుగా ఉంది.

వరస ఇదీ. మొదటి రోజు 2002, 2004, భోజనం తర్వాత 2012. అంతా 384 నిమిషాలు, ఆరున్నర గంటల లోపే. రెండో రోజు 2014 సినిమా చివరి 40 నిమిషాలు, 'సివిల్ వార్'లో టోనీ స్టార్క్ పీటర్ గదికి వచ్చే సీను, విమానాశ్రయం ఫైటు, తర్వాత 'హోమ్‌కమింగ్' పూర్తిగా. 2019 సినిమాలో చివరి పది నిమిషాలు చాలు, పేర్లు పడుతుండగా వచ్చే సీను మాత్రం వదలొద్దు. అందులో పీటర్ గుట్టు ఊరికి తెలిసిపోతుంది, రైమీ సినిమాల్లోని పత్రిక సంపాదకుడు జేమ్సన్‌గా జె.కె. సిమన్స్ మళ్లీ వస్తాడు. అది తెలియకపోతే 2021 సినిమా మొదలే అర్థం కాదు. అన్నిటికంటే చివర 2021.

వీటిలో లేనివి కొన్ని ఉన్నాయి. 1977లో అమెరికా టీవీకి నికొలస్ హామండ్‌తో చేశారు. 1978లో జపాన్‌లో టోయీ సంస్థ తీసిన సీరియల్లో స్పైడర్ మ్యాన్‌కు లియోపార్డన్ అనే రాక్షస రోబో కూడా ఉంది. ఆసక్తికి చూడండి, పోలికకు పనికిరావు. 2018, 2023లో వచ్చిన యానిమేషన్ 'స్పైడర్ వర్స్' సినిమాలు మాత్రం వేరే తరగతి. 2018 దానికి యానిమేషన్ ఆస్కార్ వచ్చింది. అందులో కొత్త స్పైడర్ మ్యాన్ మైల్స్ ఇంకా నేర్చుకుంటున్నప్పుడు అతని కదలికలను రెండు ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున, ఆరితేరిన పీటర్‌వి ఫ్రేముకో బొమ్మ చొప్పున వేసిన చోట్లున్నాయి. ఇద్దరూ పక్కపక్కన అడవిలో ఊగేటప్పుడు ఒకడు తడబడుతున్నట్టు, ఇంకొకడు జారుతున్నట్టు కనబడేది అందుకే. 2023 దాంట్లో మన దేశపు స్పైడర్ మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ కూడా ఉన్నాడు. వీటిని ఇంకో ఆదివారానికి ఉంచుకోండి.

ఆఖరుగా ఒక జాగ్రత్త. 2021 సినిమా మొదలుపెట్టే ముందే, ఒక్కొక్కరూ విడివిడిగా కాగితం మీద మూడు సీన్లకూ మార్కులు రాసి మడిచి పెట్టండి: బాబాయి చావు, పడిపోతున్న మనిషి, మించిన బరువు. ముగ్గురూ ఒకేసారి తెర మీద కనబడ్డాక ఎవరికీ ఎవరినీ తగ్గించాలనిపించదు, ముఖ్యంగా గార్ఫీల్డ్‌కు ఆ సినిమా కొత్త అభిమానులను తెచ్చిపెట్టింది. ఆ అభిమానం న్యాయమైనదే, కానీ దాంతో 2012, 2014 సినిమాలకు మార్కులు పెంచకూడదు. సినిమా అయ్యాక కాగితాలు విప్పి, ఎవరికైనా మార్కు మార్చాలనిపిస్తే ఏ షాటు చూసి మార్చాలనిపించిందో చెప్పాకే మార్చనివ్వండి.